ఉప్పు దిగే నీరు

సూరయ్య మడి గట్టు మీద గొంతుక్కూచుని కుడిచెయ్యి నీట్లో ముంచి తీశాడు. వేళ్ళ చివర్ల నుంచి నీరు ఎలా జారుతోందో చూశాడు. బొటనవేలితో చూపుడువేలిని రెండుసార్లు రాసుకున్నాడు. తర్వాత ఆ వేలు నాలిక్కి ఆనించి, తుపుక్కున ఉమ్మేసి, "వచ్చీసింది బాబూ. ఊఁ అంటే గండి తీసెత్తాను," అన్నాడు.

నౌపడ ఉప్పు మళ్ళలో అతను నలభయ్యేళ్ళుగా చేస్తున్న పని ఇది. సముద్రపు నీరు మడి నుంచి మడికి పారుతూ ఎండకి చిక్కబడుతుంది. ఉప్పు పలుకులు కట్టి అడుగున దిగేంత చిక్కబడిన ఘడియ కనిపెట్టి, అప్పుడు గండి తీసి, చివరనున్న ఉప్పు మడిలోకి వదలాలి. ఆలస్యమైతే దారిలో ఉన్న మడిలోనే, బురదలో ఉప్పు దిగిపోతుంది. ఆ ఉప్పు ఎవరికీ పనికిరాదు.

సూపర్‌వైజర్ రమేష్‌బాబు మాత్రం చేతుల్ని నమ్మడు. చెడ్డవాడేం కాదు, పనివాళ్ళలో ఎవరింట్లో శుభకార్యమైనా ముందొచ్చి కూర్చునే మనిషే. కానీ అతని నమ్మకమంతా చేతిలో ఉన్న గాజు గొట్టం మీద. పొడుగాటి సీసాలో మడి నీరు నింపి అందులో గొట్టం వదిలితే, అది ఏ గీతదాకా మునిగిందో చూసి నీటి చిక్కదనం ఎన్ని డిగ్రీలో చెప్పొచ్చు. ఇరవై అయిదు వస్తే ఉప్పు దిగే నీరు.

"ఇరవై నాలుగు," అన్నాడు రమేష్‌బాబు కళ్ళు చికిలించి. "ఇంకా రాలేదు. రేపు మజ్జాన్నం చూద్దాం."

"రేపటికి ఈ మడిలోనే దిగిపోతాది బాబూ. నా మాటినండి."

"నీ చేతి మీద అంకెలున్నాయా పెద్దాయనా?"

పక్క మళ్ళవాళ్ళు నవ్వారు. నవ్వకపోతే బాగోదని సూరయ్య కూడా నవ్వాడు. తాతకి గంజి క్యారేజీ తెచ్చి గట్టు మీద నిలబడ్డ ఉష మాత్రం నవ్వలేదు. పన్నెండేళ్ళ పిల్ల. మనిషి పీలగా ఉంటుంది గాని, ఒకదాన్ని చూడ్డం మొదలెట్టిందంటే దాని అంతు తేలేదాకా కళ్ళు తిప్పదు. ఇప్పుడు గొట్టాన్ని చూసింది, మడిని చూసింది, తాత వేళ్ళని చూసింది.

"తాతా, వచ్చీసిందని నీకెలగ తెలిసింది?"

"ఏలు సెప్తాది."

"ఏలు ఏటని సెప్తాది?"

"పచ్చినీరు ఏలు మీంచి పారిపోతాది. ముదిరిన నీరు ఏలు పట్టుకుని ఏలాడతాది. ఉప్పు దిగే నీరు నూనె రాసినట్టుంటాది. అంతే. నువ్వు ముందు గంజి తియ్యి, కడుపు కాలతంది."

ఉష క్యారేజీ విప్పి తాత చేతికిచ్చి, తన వేలు కూడా మడిలో ముంచి రాసి చూసుకుంది. ఆమె వేలు ఏమీ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద గొడవే అయింది. సూరయ్య కొడుకు గిరిబాబు ఉప్పు లారీ నడుపుతాడు. మూడ్రోజుల తర్వాత ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకముందే చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి భార్య పద్మకుమారి ముందు పెట్టాడు. హాస్టలున్న ఒక ప్రైవేటు బడి ఫారం.

రెండేళ్ళ కిందట టైఫాయిడ్ వచ్చి ఉష ఇంటిపట్టునున్నప్పుడు తల్లి చదివించడం మొదలెట్టింది. జ్వరం పోయింది గాని చదువు ఇంట్లోనే ఉండిపోయింది. డిగ్రీ చదివిన పద్మకుమారి జాకెట్లు కుడుతూ, మిషను పక్కనే కూతుర్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్తుంది. పరీక్షలు ఓపెన్ స్కూలువి రాయిస్తానంటుంది.

"ఎక్కడ లోడు దించినా ఇదే మాట. నీ కూతురు బడికెందుకు ఎల్లదని," అన్నాడు గిరిబాబు. "నానేటి సెప్పాలి? ఇంట్లో ఉండి ఏటి నేర్సుకున్నాదని సూపించాలి?"

"ఆదివారం చూపిస్తాది కదా," అంది పద్మకుమారి.

ఆదివారం విజయనగరంలో పిల్లల సైన్స్ ప్రదర్శన. బడుల పిల్లలూ, ఉషలా ఇళ్ళలో చదువుకునే పిల్లలూ ఎవరు చేసింది వాళ్ళు తెచ్చి బల్లల మీద పెట్టుకుంటారు. గిరిబాబు ఫారం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"సరే. ఇజీనారంలో ఫస్టో సెకండో తెమ్మను. ఈ ఫారం నా సేత్తోనే సింపెత్తాను. తేలేదా, మంగళారం ఆఖరు రోజు, ఎల్లి ఇచ్చొచ్చెత్తాను."

సూరయ్యకి ఈ బేరం బాగానే ఉందనిపించింది. మనవరాలి బుర్ర మీద అతనికి నమ్మకం. గిరిబాబు స్నానానికి వెళ్ళగానే ఉష పక్కన చేరి, "పస్టు కొట్టెయ్యాలమ్మీ," అన్నాడు.

"అక్కడ ఫస్టులూ సెకండులూ ఉండవు తాతా."

"ఉండవా? మరి ఎవలు నెగ్గినట్టు?"

"ఎవలూ నెగ్గరు, ఎవలూ ఓడిపోరు. అందరూ ఒకలివి ఒకలు సూసుకుంటారు. తెలిసింది సెప్పాలి. తెలీనిది కూడా ఒక అట్ట మీద రాసి బల్ల మీద పెట్టాలి. అదే అక్కడి రూలు."

"తెలీంది రాసి పెడితే నవ్విపోరేటి జనం?" అని, అంతలోనే అసలు సంగతి తట్టి సూరయ్య గొంతు తగ్గించాడు. "మరి మీ నానకి సెప్పరేటి?"

"సెప్తే అసలు పంపడు. ఎల్లొచ్చినాక తనే సెప్తానంది అమ్మ."

సూరయ్య చుట్ట ముట్టించబోయి మానేశాడు. లేని బహుమతి ఈ పిల్ల ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మర్నాడు మధ్యాహ్నానికి మడి అడుగున బురద మీద తెల్లగా ఉప్పు దిగిపోయింది. రమేష్‌బాబు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"నీటిని కనిపెట్టుకోవద్దా పెద్దాయనా? నలభయ్యేళ్ళ సర్వీసంటావు. ఇదేం పని?"

నిన్న చెప్పాను కదా బాబూ అన్న మాట సూరయ్య పెదవుల దాకా వచ్చింది. గట్టు మీద పదిమంది ఉన్నారు. రమేష్‌బాబు కుర్రాడు, అందరి ముందూ అతని మాట పోతే మళ్ళీ రాదు. సూరయ్య తలొంచుకుని పార తీసుకుని ఆ పాడైపోయిన ఉప్పు తోడ్డానికి దిగాడు. ఉష చేతిలో క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పిల్ల చూస్తోందని తెలిసి అతను తలెత్తలేకపోయాడు.

మూడు గంటలకి పడమటి దిక్కున మబ్బు లేచింది. మబ్బు కనిపిస్తే సూరయ్య కాళ్ళు అతన్ని అడగవు. మళ్ళలో ఉన్న ఉప్పంతా కుప్పలు పోయించి, టార్పాలిన్లు కప్పించి, రొప్పుతూ ఇంటికొచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. తల్లీకూతుళ్ళు చార్టులు కొనడానికి టెక్కలి వెళ్ళారు. పెరట్లో గోడవారన ఉష పెట్టుకున్న ఆరు ప్లాస్టిక్ పళ్ళేలు పైన కప్పు లేకుండా ఉన్నాయి. చాలావాటిలో తెల్లగా ఉప్పు. గాలి ఊపందుకుంది.

ఏ ఉప్పు మనిషి ఊరుకుంటాడు? సూరయ్య ఒక చెక్కముక్క తీసుకుని ఒక్కో పళ్ళెం గీకాడు. మిగిలిన నీటిని చేత్తో చూసి, పనికిరాదని పారబోశాడు. వచ్చిన ఉప్పంతా కలిపి సిమెంటు గచ్చు మీద ముచ్చటగా ఒక కుప్ప పోసి, తాటాకు చాప కప్పి, చాప కొసల మీద రాళ్ళు పెట్టాడు. వాన నాలుగు చినుకులు రాల్చి పోయింది. అయితేనేం, పిల్ల ఉప్పు కాపాడానని అతనికి ఆ రోజులో మొదటిసారి మనసు తేలికపడింది.

బస్సు దిగి వచ్చిన పద్మకుమారి పెరట్లోకి తొంగి చూసి, "మావయ్యా!" అని ఆగిపోయింది. ఉష చాప కొస ఎత్తి చూసింది.

"వానొచ్చీసిందమ్మీ. నాను సూడకపోతే అంతా కరిగిపోను," అన్నాడు సూరయ్య.

ఉష కళ్ళు ఆరు ఖాళీ పళ్ళేల మీదికి వెళ్ళాయి. తర్వాత, "కుప్ప బాగా పోసినావు తాతా," అని చాప మళ్ళీ జాగ్రత్తగా కప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాటలో ఏదో తేడా ఉందని సూరయ్యకి అర్థమైంది. పద్మకుమారి చెప్పింది. రెండ్రోజులకొకటి చొప్పున ఆ పళ్ళేలు నింపిందట ఉష. మొదటిది బాగా ముదిరింది, ఆఖరుది లేతది. గీకడం ఆలస్యమయ్యేకొద్దీ ఉప్పు ఎలా చేదెక్కుతుందో ఆరూ పక్కపక్కన పెట్టి చూపించాలని పన్నెండు రోజుల శ్రమ. శనివారందాకా వాటిని ముట్టుకోకూడదు.

"నాతో సెప్పలేదేటమ్మా?"

"చెప్పింది మావయ్యా. మీరు ఊఁ అన్నారు."

అన్నాడు కాబోలు. భోజనం చేసి అరుగు మీద కునుకు తీస్తూ మనవరాలు చెప్పినవాటికి ఎన్నింటికి ఊఁ కొట్టాడో అతనికే తెలియదు. సూరయ్యకి ఏడుపొచ్చింది. నిన్న మడి దగ్గర తను చెప్పింది వినలేదని రమేష్‌బాబు మీద మనసులో ఎంత మండిపడ్డాడు! తనేం చేశాడు మరి? ఆ పిల్ల చెప్పింది తను విన్నాడా?

గురువారం పొద్దున్నే సూరయ్య రెండు బిందెల మడి నీరు మోసుకొచ్చి పెరట్లో దించాడు. అప్పటికే ఉష గచ్చు మీద కూర్చుని నోటు పుస్తకం తిరగేస్తోంది.

"కొత్త నీరు తెచ్చినానమ్మీ. మళ్ళీ పొయ్యి."

"మూడ్రోజుల్లో ముదరదు తాతా," అంది ఉష. ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి మరీ కష్టంగా ఉంది. "తాతా, నిన్న నువ్వు గీకినప్పుడు మిగిలిన నీటిని గొట్టం పెట్టి సూసినావేటి?"

"గొట్టమెందుకు? సెయ్యున్నాది కదా."

"అయితే ఏ పళ్ళెంలో నీరు ఎలగున్నాదో సెప్పు."

సూరయ్య కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు వాటంతటవే గాలిలో రాసుకున్నాయి. "గోడకానున్న మొదటిది సేదు. నాలిక మీంచి పోలేదు. దాని పక్కదీ సేదే, కొంచెం నయం. మూడోది సేదు తిరగబోతంది. నాలుగూ అయిదూ సుబ్బరమైన ఉప్పు నీరు. ఆరోది ఇంకా పచ్చిదే, కొంచెం తెట్టు కట్టిందంతే."

ఉష వేలు నోటు పుస్తకంలో ఒక్కో వరస మీదా ఆగుతూ దిగింది. బుధవారం పొద్దున్న, అమ్మ కొనిచ్చిన అలాంటి గొట్టంతోనే చూసి తను రాసుకున్న అంకెలవి. ముప్ఫై ఒకటి. ముప్ఫై. ఇరవై ఎనిమిది. ఇరవై ఆరు. ఇరవై అయిదు. ఇరవై మూడు.

ఆమె తలెత్తి తాత ముఖం వైపు కాదు, చేతి వైపు చూసింది. నల్లగా, గోళ్ళు అరిగి, ఉప్పుకి తోలు పగిలిన చెయ్యి. దాన్ని ఎవరూ ఎప్పుడూ అలా చూడలేదు.

"అమ్మా!" అని అరిచింది ఉష. "ఆదివారానికి కొత్తది దొరికింది!"

బడి ముఖం చూడని సూరయ్య అరవై అయిదో ఏట పరీక్షకి కూర్చున్నాడు. అదీ కళ్ళకి జాకెట్టు గుడ్డ కట్టించుకుని. ఉష ప్రతిసారీ కొత్తగా మళ్ళన్నీ తిరిగి పది సీసాల్లో పది రకాల నీరు పట్టుకొచ్చింది. నాలుగే జవాబులు: పచ్చినీరు, ముదురు నీరు, ఉప్పు దిగే నీరు, సేదు నీరు. అతను వేలు ముంచి జవాబు చెప్పాలి. పద్మకుమారి గొట్టం వదిలి అంకె చూసి, పైకి చదవకుండా కాగితం మీద రాయాలి. ఒకరు రాసింది ఒకరు చూడకూడదు. సీసాల వరస ప్రతిసారీ మార్చాలి. ఈ పద్ధతంతా ఆ పిల్ల తనంతట తానే పెట్టింది.

"మావయ్యకి ఈ సీసా ఇందాకే వచ్చింది కదే, మళ్ళీ ఎందుకు?" అంది పద్మకుమారి.

"రెండోసారి కూడా అదే సెప్తాడో లేదో సూడొద్దా?"

"ఓలమ్మ! తాతకే ఎసరెడతన్నావేటే!" అన్నాడు సూరయ్య గుడ్డ కింద నుంచి. మాట వేళాకోళమే గాని, ముంచేముందు ప్రతిసారీ వేలు పంచెకి తుడుచుకుంటున్నాడు. నలభయ్యేళ్ళలో అతని చెయ్యి ఎన్నిసార్లు తప్పిందో ఎవరూ లెక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నారు.

గురువారం సాయంత్రం పదికి పదీ సరిపోయాయి. శుక్రవారం మధ్యాహ్నం పదింటిలో ఏడే. శనివారం పొద్దున్న మళ్ళీ పదికి పది. ఉష చార్టు మీద గళ్ళు గీసి ముప్ఫై జవాబులూ ఎక్కించింది. ఇరవై ఏడు నీలం రంగులో. మూడు ఎర్రగా. ఆ మూడింటినీ సూరయ్య ఉప్పు దిగే నీరన్నాడు. గొట్టం ఇరవై నాలుగే అంది.

సూరయ్య చదవలేడు గాని ఎరుపు తెలుసు. "ఆ మూడూ తీసీ అమ్మీ. ఇరవై ఏడు సాలవేటి? తాత పరువు ఇజీనారం దాకా మొయ్యాలా?"

"తీసీకూడదు తాతా. తప్పయినవి దాచీసినామంటే, ఒప్పయినవి మాత్రం ఎవలు నమ్ముతారు?"

"నా సెయ్యి తప్పు సెప్పలేదు."

"గొట్టమూ తప్పు సెప్పదు కదా. మరి ఎందుకిలగైంది?" ఆ పిల్ల అతన్ని నిలదీయడం లేదు, తనని తనే అడుగుతోంది. చాలాసేపు కలం కొరుకుతూ కూర్చుని, చివరికి ఒక అట్టముక్క మీద రాసి తాతకి చదివి వినిపించింది. "నాకు తెలియనిది: ఈ మూడింటి దగ్గర తాత చెయ్యీ, గొట్టమూ ఎందుకు విడిపోయాయి?"

సూరయ్యకి కించపాటుగానే ఉంది. అయినా, సొంత తాత మీద ఎర్రరంగు వెయ్యడానికి ఈ పిల్ల వెనకాడలేదే అని లోపల్లోపల గొప్పగా కూడా అనిపించింది. ఇంత నికార్సైన మనిషి మా వంశంలో ఇంతకుముందు పుట్టిందా అనుకున్నాడు.

ఆదివారం తెల్లారి పాసింజరులో ముగ్గురూ విజయనగరం వెళ్ళారు. సీసాలున్న సంచి సూరయ్య ఒళ్ళోంచి దించలేదు. గిరిబాబు లోడు దించుకుని మధ్యాహ్నానికి వస్తానన్నాడు.

పెద్ద హాలు. వరసగా బల్లలు. నెల్లిమర్ల పిల్లొకర్తె జనపనార తాళ్ళకి ఇటుకలు వేలాడదీసి, ఎన్ని పేటల తాడు ఎంత బరువుకి తెగుతుందో చూపిస్తోంది. గరివిడి నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు రకరకాల రాళ్ళు పరిచారు. ప్రతి బల్ల మీదా తెలియనిది రాసిన అట్ట ఒకటి. ఆ అట్టల దగ్గరే జనం ఎక్కువ ఆగుతున్నారని సూరయ్య గమనించాడు. ఎవరూ నవ్వడం లేదు.

ఉష బల్ల వెనక అతనికి కుర్చీ వేశారు. బడిలో కూర్చోవలసిన రోజుల్లో దొరకని కుర్చీ. మొదట అంచు మీదే కూర్చున్నాడు. పిల్లలొచ్చి, "తాతగారూ, మీరు కళ్ళు మూసుకుని చెప్తారటగా?" అనేసరికి వెనక్కి జరిగి సరిగ్గా కూర్చున్నాడు. మరో అరగంటకి పిల్లల వేళ్ళు తనే పట్టుకుని నీట్లో ముంచి, "అలగ్గాదు, నెమ్మదిగా రాయి. జారతందా? అదీ, అదే ముదురు నీరు," అని పాఠం చెప్తున్నాడు. పక్కన ఉష ప్రతివాళ్ళకీ మొదట ఎర్రగళ్ళు చూపించి, తర్వాతే నీలంవి చూపిస్తోంది.

పన్నెండు దాటాక కళ్ళజోడు ముక్కు మీదికి జారిన ఒక పెద్దాయన వచ్చాడు. పేరు నారాయణమూర్తి, కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడట. చార్టు మొదటి నుంచి చివరి దాకా చదివి, తెలియనిది రాసిన అట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ మూడూ ఏ పూట చూశావమ్మా?"

ఉష నోటు పుస్తకం చూసింది. "మూడూ శుక్రవారం మజ్జాన్నమే సార్."

"అప్పుడు సీసాలు ఎక్కడున్నాయి?"

"నూతి పక్కన రేకు మీద..." అని మాట మధ్యలో ఆగిపోయింది ఉష. తాత చెప్పే మాటకోసం ఆగినట్టు కాదు, తనలోనే ఏదో వినబడినట్టు. "ఎండలో ఉన్నాయి. మిగతా రెండు రోజులూ నీడలో."

పెద్దాయన ఇంకేం చెప్పలేదు. చెప్పేస్తే అయిపోయేది. చెప్పకుండా అట్ట మళ్ళీ బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే గిరిబాబు మెడలో తువ్వాలుతో చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఏదీ, ఎన్నో నంబరొచ్చింది?"

"నానా, లారీ ఎక్కడున్నాది?" అంది ఉష.

"బయట ఎండలో. ఎందుకు?"

"దాని మీద ఇది పెట్టాలి."

ఉప్పు దిగే నీటి సీసా పట్టుకుని ఉష బయటికి పరిగెత్తింది. అంతకుముందు అదే సీసాలో గొట్టం ఇరవై అయిదు చూపించడం బల్ల దగ్గర అందరూ చూశారు. గిరిబాబుకి ఏమీ అర్థం కాలేదు గాని, "బోనెట్టు మీద పెట్టు, పెనంలాగ కాలతంది," అంటూ వెంట వెళ్ళాడు. అరగంట ఆగారు. జనం గుమిగూడారు. ఉష గొట్టం వదిలింది. ఇరవై నాలుగు.

అదే సీసాని హాల్లో నీళ్ళ కుండలోంచి చెంబుతో తీసి బకెట్లో పోసిన చల్లటి నీళ్ళలో నిలబెట్టింది. మళ్ళీ ఆగారు. ఈసారి నారాయణమూర్తి, "వాళ్ళ నాన్న చదవాలి," అన్నాడు. గిరిబాబు మోకాళ్ళ మీద కూర్చుని, లారీ కింద బోల్టు చూసినట్టు తల వంచి చూశాడు.

"ఇరవై... ఇరవై అయిదు." మళ్ళీ చూశాడు. "అదే నీరు కదేటి?"

"అదే నీరు నానా. వేడెక్కితే పలచబడింది. గొట్టం పాపం ఉన్నదే సెప్పింది."

"గొట్టం మీద పైన సన్నటి అక్షరాలుంటాయి, చదువమ్మా," అన్నాడు నారాయణమూర్తి. ఏ వేడి దగ్గర ఆ గీతలు గీశారో అక్కడ రాసి ఉంది. గీతలు అందరూ చూస్తారు, ఆ రాత ఎవరూ చదవరు.

సూరయ్యకి సంగతి అప్పుడు అందింది. "మడిలో నీరు ఎప్పుడు సల్లగున్నాది గనక?" అన్నాడు నెమ్మదిగా. "నా సెయ్యి ఎండలోనే నేర్సుకుంది మరి."

"గొట్టం నీడలో నేర్సుకుంది తాతా," అంది ఉష.

ఆమె ఎర్రగళ్ళు చెరపలేదు. వాటి కింద నల్లసిరాతో రాసి పైకి చదివింది. "తప్పు తాతది కాదు, గొట్టానిదీ కాదు. ఎండలో కాగిన నీటిని చల్లార్చకుండా కొలిపించాను. తప్పు నాది. ఉష." సూరయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. రమేష్‌బాబు ముందు నవ్విన పదిమందీ ఇక్కడ లేరే అన్న బాధ కూడా ఆ క్షణాన అతనికి లేదు. తన పరువు కాపాడ్డానికి ఇంత చిన్న మనిషి తన తప్పుని అంత పెద్ద అక్షరాలతో రాసుకుంది. ఇంకేం కావాలి?

గిరిబాబు నారాయణమూర్తి పక్కన చేరాడు. "సార్, మాదానికి ఎన్నో ప్రైజు రావొచ్చంటారు?"

"ఇక్కడ ప్రైజులు లేవండీ. పిల్లలందరికీ ఒకే కాగితం ఇస్తాం."

గిరిబాబు భార్య వైపు చూశాడు. పద్మకుమారి చూపు దించలేదు. "నాకు ముందే తెలుసు. నేనే చెప్పలేదు," అంది. అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఏమీ అనలేదు. లారీలో నలుగురూ ఇరుక్కుని ఇంటికొస్తున్నంతసేపూ అతని చెయ్యి మాటిమాటికీ ఆ జేబు మీదికే పోయింది. ఉష తండ్రి భుజం మీద నిద్రపోయింది. సూరయ్య మాత్రం జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం కొసనే చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం మధ్యాహ్నం. సూరయ్య మడిలో వేలు ముంచి, రాసి, నాలిక్కి ఆనించి, "వచ్చీసింది బాబూ," అన్నాడు.

రమేష్‌బాబు గొట్టం వదిలాడు. "ఇరవై నాలుగు. రేపు చూద్దాం పెద్దాయనా."

నిన్న అంతమంది పిల్లలకి పాఠం చెప్పిన సూరయ్య, ఈ గట్టు మీద మళ్ళీ పాత సూరయ్యే అయిపోయాడు. పార గట్టు మీద పెట్టేశాడు. లోడు కోసం వచ్చిన గిరిబాబు లారీ దిగి గట్టెక్కాడు.

"బాబూ, కోపం తెచ్చుకోకండి. ఆ సీసా కొంచెంసేపు లారీ కింద నీడలో పెడదాం. సల్లారినాక మళ్ళీ సూడండి."

"ఎందుకు?"

"సూస్తే మీకే తెలుస్తాది. గొట్టం మీద పైన రాత కూడా ఉంటాది, సదవండి."

సీసాకి తడి గోనె చుట్టి లారీ నీడలో పెట్టారు. పనివాళ్ళు బీడీలు ముట్టించుకుని కూర్చున్నారు. అరగంటకి రమేష్‌బాబు వంగి చూశాడు. లేచి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వంగి చూశాడు. తర్వాత మొన్న ఉప్పు పాడైన మడి వైపు ఒకసారి చూసి, "గండి తియ్యి పెద్దాయనా," అన్నాడు. కాసేపాగి, ఈసారి అందరికీ వినబడేలా, "మొన్న కూడా నువ్వే కరెక్టు," అన్నాడు.

సూరయ్య పార కోసం వంగినవాడు ఆగాడు. గిరిబాబు జేబులోంచి మడత కాగితం తీసి, లారీ తలుపు మీద ఆనించి, వెనకవైపు ఏదో రాస్తున్నాడు. ముందువైపు బడి బొమ్మ, కింద సంతకం పెట్టాల్సిన ఖాళీ గడి సూరయ్యకి కనిపిస్తున్నాయి.

"ఏట్రా అది రాస్తన్నావు?"

"ఎండలో ఇరవై నాలుగు, నీడలో ఇరవై అయిదు. సోమారం, మజ్జాన్నం. ఎంతసేపు నీడలో ఉందో కూడా రాయాలి నాన. నోటిమాటగా సెప్తే నీ మనవరాలు ఒప్పుకోదు."

"ఆ ఫారం రేపిచ్చెయ్యాలి కదరా?"

గిరిబాబు రాసింది ఒకసారి చదువుకుని, కలం మూత పెట్టాడు.

"ఎనకంతా రాసీసినాను కదా," అన్నాడు. "ఇంకెవలు తీసుకుంటారు?"

సూరయ్య పార అందుకుని గండి తీశాడు. నీరు ఉప్పు మడిలోకి పారింది.